ఎలక్ట్రాన్‌ని ఎవరు ఇస్తారు, ఎవరు పుచ్చుకుంటారు

మెదక్‌లో ఏ ఇంట్లోనైనా పుంటికూర మగ్గుతున్నప్పుడు గిన్నెలోకి తొంగి చూడండి. కోస్తావాళ్లు గోంగూర అనే ఈ ఆకు కడిగి వేసేటప్పటికి నిగనిగలాడుతూ పచ్చగా ఉంటుంది. మూత పెట్టి కాసేపు మగ్గనిస్తే ఆ పచ్చదనం ఎటు పోతుందో పోతుంది. మిగిలేది మట్టి కలిసినట్టుండే ముదురు రంగు. పక్క పొయ్యి మీది పాలకూర అంత తొందరగా రంగు మారదు. తేడా అంతా పులుపులో ఉంది.

పత్రహరితం అణువు మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. చుట్టూ ఉన్న వలయంలోంచి నాలుగు నైట్రోజన్‌లు దాన్ని పట్టుకుని ఉంటాయి. పచ్చి ఆకులో పులుపు ఒక అరలో, పత్రహరితం ఇంకో అరలో విడివిడిగా ఉంటాయి. వేడికి ఆ అరల గోడలు చితికిపోతాయి. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు, అంటే ప్రోటాన్లు, రెండు వచ్చి నైట్రోజన్‌ల దగ్గర చేరతాయి, మెగ్నీషియం బయటికి పోతుంది. మిగిలిన అణువుని ఫియోఫైటిన్ అంటారు. మెగ్నీషియం బరువు 24, రెండు హైడ్రోజన్‌ల బరువు 2. కాబట్టి అణువు బరువు 22 తగ్గాలి. పత్రహరితం-ఏ అనే రకం బరువు 892.5 డాల్టన్లు (పైన చెప్పిన 24, 2 కూడా ఈ ప్రమాణంలోవే), దాని ఫియోఫైటిన్ బరువు 870.6. లెక్క సరిపోయింది.

ఈ లెక్కని కళ్లతో చూడాలంటే అణువుని తూచాలి. తూచే పరికరం పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. అందులో లేజర్‌తో పనిచేసే రకం ఒకటుంది. దానికి నమూనాని నేరుగా ఇవ్వకూడదు, ముందు మరో పదార్థంతో కలిపి ఎండబెట్టాలి. ఆ రెండో పదార్థమే మ్యాట్రిక్స్. ఎక్కువ ప్రయోగశాలల్లో వాడే మ్యాట్రిక్స్‌లు ఆమ్లాలు. పత్రహరితాన్ని వాటితో కలిపితే ఏమవుతుందో పుంటికూర గిన్నె ముందే చూపించింది. తెర మీద 870 దగ్గర గీత కనిపిస్తుంది, 892 దగ్గర కనిపించదు. ఆకులోనే మెగ్నీషియం పోయిందా, తక్కెడే దాన్ని తీసేసిందా? తూచే వస్తువుని మార్చేసే తక్కెడతో ఏ ప్రశ్నకీ జవాబు రాదు. ఈ చిక్కుని రసాయన శాస్త్రవేత్తలు ప్రోటాన్‌ని పక్కనపెట్టి, ఎలక్ట్రాన్ సాయంతో విప్పారు.

ముందు తూకం సంగతి. ఈ పరికరం అణువుల్ని పరుగెత్తించి తూస్తుంది. గాలి తీసేసిన గొట్టంలో, ఒక చివర సుమారు 20,000 వోల్టుల విద్యుత్ పీడనం ఉంటుంది. ఒక విద్యుదావేశం ఉన్న ప్రతి అయానుకీ అక్కడ ఒకే మొత్తంలో శక్తి అందుతుంది. శక్తి ఒకటే అయినప్పుడు తేలికది వేగంగా, బరువైనది నెమ్మదిగా పోతుంది. 892 బరువున్న అయాను సెకనుకి దాదాపు 65 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. ఆ లెక్కన మెదక్ నుంచి హైదరాబాద్‌కి ఉన్న దాదాపు 100 కిలోమీటర్లు ఒకటిన్నర సెకన్ల పని. మీటరు పొడవున్న గొట్టం దాటడానికి దానికి 15.2 మైక్రోసెకన్లు పడుతుంది, 870 అయానుకి 15.0 మైక్రోసెకన్లు చాలు. రెంటికీ మధ్య ఎడం సెకనులో యాభై లక్షలో వంతు. నానోసెకన్లు లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ గడియారానికి ఇది చాలా పెద్ద తేడా.

అయితే పరుగు మొదలవ్వాలంటే అణువు రెండు షరతులు తీర్చాలి. ఘనపదార్థం నుంచి విడివడి వాయువులో తేలాలి, విద్యుదావేశం కలిగి ఉండాలి. చిన్న అణువులకి ఇది కష్టం కాదు, వేడి చేస్తే ఆవిరవుతాయి. ప్రోటీన్‌ని వేడి చేస్తే మాడుతుంది గాని ఆవిరవదు. దాని మీద నేరుగా లేజర్ కొడితే ముక్కలు ముక్కలవుతుంది. దశాబ్దాల పాటు పెద్ద అణువులు ఈ తక్కెడకి అందకుండా ఉండిపోయింది ఇందుకే.

1985లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్రాంజ్ హిల్లెన్‌కాంప్, మైకేల్ కారాస్ ఒక చిన్న విషయం గమనించారు. అలనైన్ అనే అమైనో ఆమ్లం 266 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని దాదాపుగా పట్టించుకోదు. ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం అదే కాంతిని బాగా పీల్చుకుంటుంది. రెంటినీ కలిపి లేజర్ కొడితే, అలనైన్ ఒక్కదానికే కావలసిన కాంతి తీవ్రతలో పదో వంతుకే అలనైన్ అయాన్లు వచ్చాయి. కాంతిని పీల్చే పని ఒకరిది, ఎగిరే పని మరొకరిది. మ్యాట్రిక్స్ అనే పేరు అక్కడి నుంచే స్థిరపడింది.

ఇదే కాలంలో క్యోటోలోని షిమాద్జు కంపెనీలో కోయిచి తనాకా అనే యువ ఇంజనీరు, 30 నానోమీటర్ల సైజు కోబాల్ట్ పొడి మీద పనిచేస్తున్నాడు. ఒకరోజు పొడిలో పొరపాటున గ్లిసరిన్ పోశాడు. ఖరీదైన పొడి పారెయ్యడానికి మనసొప్పక అలాగే పరీక్షించాడు. అప్పుడు నమూనాగా ఉన్న బీ12 విటమిన్ చెక్కుచెదరకుండా కనిపించింది. 1987 నాటికి 34,000 డాల్టన్లు దాటిన ప్రోటీన్‌ని చూపించగలిగాడు. 2002 రసాయన శాస్త్ర నోబెల్‌లో అతనికి వాటా దక్కింది. హిల్లెన్‌కాంప్, కారాస్‌లకి దక్కలేదు. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నది మాత్రం వాళ్ల పద్ధతినే: కాంతిని పీల్చే చిన్న కర్బన అణువు, దాని స్ఫటికాల్లో ఒదిగిన పెద్ద అణువు.

వాళ్లు 1988లో పెద్ద ప్రోటీన్లని ఎగరేసింది నికోటినిక్ ఆమ్లంతో. దీని మరో పేరు నియాసిన్, బీ3 విటమిన్. ఈ పేరు వినగానే మెదక్ చుట్టుపక్కల పల్లెల్లో మూడు పూటలా జొన్న రొట్టె తిన్న కాలం నాకు గుర్తొస్తుంది. నియాసిన్ చాలకపోతే పెల్లాగ్రా వస్తుంది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, కడుపు చెడుతుంది, ముదిరితే మతి చలిస్తుంది. దక్కన్‌లో జొన్నే ప్రధాన ఆహారమైన పేదల్లో ఈ జబ్బు ఎందుకుందని వెతికినవాళ్లు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య. ఇద్దరూ 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం వాళ్లు. ఇప్పుడు మనం ఎన్‌ఐఎన్ అని పిలుచుకునే సంస్థ అదే. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం వల్ల, ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే దారికి అడ్డం పడుతోందని 1960లో వాళ్లు వాదించారు.

ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్. మన ఒంట్లో ఒకటి రెండోదిగా మారుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో మొదటి మ్యాట్రిక్స్ ట్రిప్టోఫాన్ అయితే, పెద్ద ప్రోటీన్లకి దారి తీసిన మ్యాట్రిక్స్ నియాసిన్. ఈ బంధుత్వం కేవలం కాకతాళీయం అని నేను అనుకోను. రెంటిలోనూ పరమాణువులు వలయంగా అల్లుకుని ఉంటాయి. ఆ వలయాల మీద తిరిగే ఎలక్ట్రాన్లు కొంచెం వదులుగా ఉంటాయి, అతినీలలోహిత కాంతి తగలగానే పై మెట్టెక్కుతాయి. మంచి మ్యాట్రిక్స్‌కి ఉండాల్సిన మొదటి గుణం ఇదే.

కాంతిని పీల్చడం అంటే ఏమిటో చూపించడానికి మెదక్‌లోనే గొప్ప చోటుంది. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టి 1924లో పూర్తిచేసిన మెదక్ చర్చిలో, ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలున్నాయి. వాటిని లోపల నిలబడి పగలే చూడాలి, చీకటి పడితే అవి ఉత్త నల్ల పలకలు. రంగు గాజులో లోహాల అయాన్లు కలిపి ఉంటాయి. నీలి గాజుకి సాధారణంగా కోబాల్ట్ కలుపుతారు. అది ఎండలోని పసుపు, ఎరుపు వెలుగుల్ని మింగేస్తుంది, మిగిలిన నీలం మన కంటికి చేరుతుంది. మింగిన వెలుగు కోబాల్ట్ ఎలక్ట్రాన్లని పై మెట్టుకి ఎక్కించి, అవి దిగేటప్పుడు వేడిగా మారిపోతుంది. గాజు కాస్త వెచ్చబడుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. ఆ ఎలక్ట్రాన్ ఎంత ఎక్కినా తన ఇల్లు వదలదు.

లేజర్ దెబ్బలో తేడా కాలంలో ఉంది. ఎండ రోజంతా కాస్తుంది. లేజర్ నాలుగైదు నానోసెకన్లలో, వెంట్రుక మందం ఉన్నంత చోట, తన శక్తినంతా దించేస్తుంది. అంత వేడికి బయటికి పారిపోయే వ్యవధి ఉండదు. జొన్న పేలాలు వేయించేటప్పుడు గింజలోని తేమ ఒక్కసారిగా ఆవిరై పొట్టుని చీల్చుకుని వస్తుంది కదా, మ్యాట్రిక్స్ స్ఫటికం పై పొర కూడా అలాగే ఒక్కసారిగా వాయువై ఎగురుతుంది, తనలో ఒదిగిన పెద్ద అణువుల్ని మోసుకుపోతుంది. వేడి పెద్ద అణువు లోపలి బంధాల దాకా పాకేలోపే అది గాలిలో ఉంటుంది. మాడకపోవడానికి కారణం అదే.

ఎగరడం అయింది. ఆవేశం సంగతి? ప్రోటీన్ల విషయంలో జవాబు ప్రోటాన్. 1989లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో రొనాల్డ్ బీవిస్, బ్రయన్ చైట్ సినమిక్ ఆమ్లం కుటుంబాన్ని పరీక్షించి కొన్ని మంచి మ్యాట్రిక్స్‌లు కనిపెట్టారు. వాటిలో ఫెరులిక్ ఆమ్లం మన వరి తవుడులో ఉండేదే. సినాపినిక్ ఆమ్లం పేరు ఆవాల శాస్త్రీయ నామం నుంచి వచ్చింది. ఆ తర్వాత డీహెచ్‌బీ అనే డైహైడ్రాక్సీబెంజోయిక్ ఆమ్లం వచ్చి చేరింది. ఇవన్నీ ప్రోటాన్ని తేలిగ్గా వదిలేస్తాయి. ప్రోటీన్‌లో లైసిన్, ఆర్జినిన్ లాంటి చోట్లు దాన్ని ఆత్రంగా అందుకుంటాయి. ఇచ్చేవాడున్నాడు, పుచ్చుకునేవాడున్నాడు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి సంస్థల్లో ప్రోటీన్లని గుర్తుపట్టే పనికీ, పెద్ద ఆసుపత్రుల్లో రోగి నమూనాలో పెరిగిన బాక్టీరియా ఏదో నిమిషాల్లో చెప్పే పనికీ ఈ ప్రోటాన్ బేరమే ఆధారం. వంటింటి పదార్థాలు ఇంకా ఈ జాబితాలోకి వస్తూనే ఉన్నాయి. ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్ హాలం యూనివర్సిటీలో సిమోనా ఫ్రాంచేసే బృందం 2013లో, పసుపులోని కుర్కుమిన్ కూడా మంచి మ్యాట్రిక్సేననీ, వేలిముద్రల్లోని రసాయనాల్ని పటంలా చూడటానికి పనికొస్తుందనీ చూపించింది. మెదక్‌కి పొరుగునే ఉన్న నిజామాబాద్ పసుపు మార్కెట్‌లో బస్తాల కొద్దీ అమ్ముడుపోయే సరుకు అది.

ఈ బేరం కుదరని అణువులూ ఎన్నో ఉన్నాయి. క్యారెట్‌లోని కెరోటిన్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే, ప్రోటాన్ని పట్టుకునే చోటు లేదు. అరవై కార్బన్ల బంతి సీ60లోనూ లేదు. ఇనుమును రెండు కర్బన వలయాల మధ్య బిగించిన ఫెర్రోసీన్ సంగతీ అంతే. పత్రహరితంలో చోటు ఉంది గాని, ప్రోటాన్లు వస్తే మెగ్నీషియం పోతుంది. వీటన్నిటినీ తూచాలంటే ఇంకో బేరం కావాలి. ఏదీ ఇవ్వకుండా, వాటి నుంచే ఒక ఎలక్ట్రాన్ని తీసుకోవాలి. ఎలక్ట్రాన్ పోయిన అణువు దానంతటదే ధన అయాను.

ఎవరి దగ్గర్నుంచి ఎవరు తీసుకోగలరు? దీనికి ఒక అంకె ఉంది, అయనీకరణ శక్తి. ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రం చదివినవాళ్లకి పరిచయమే. అణువు నుంచి ఎలక్ట్రాన్ని పీకడానికి ఎంత శక్తి కావాలో అది చెబుతుంది, ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. ఫెర్రోసీన్‌కి 6.7, ఆంత్రసీన్ అనే మరో కర్బన అణువుకి 7.4, సీ60కి 7.6. డీహెచ్‌బీకి సుమారు 8. అంకె పెద్దదైన కొద్దీ ఎలక్ట్రాన్ మీద పట్టు గట్టిది.

ఇప్పుడు లేజర్ వైపు చూద్దాం. 337 నానోమీటర్ల నైట్రోజన్ లేజర్‌లో ఒక్కో ఫోటాన్ శక్తి 3.7 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక్క ఫోటాన్ దేన్నీ అయాను చెయ్యలేదు. రెండు కలిస్తే 7.4, అది ఆంత్రసీన్ గడప దాకా తెస్తుంది. డీహెచ్‌బీ గడప ఇంకా పైన ఉంది. మరి అది అయాను ఎలా అవుతుంది? స్ఫటికంలో పక్కపక్కనే ఉత్తేజం చెందిన అణువులు తమ శక్తిని ఒకదాని దగ్గర పోగుచేస్తాయనీ, వేడి మిగిలిన లోటు పూడుస్తుందనీ స్విట్జర్లాండ్‌కి చెందిన రిచర్డ్ క్నోఖెన్‌మస్ తదితరులు ప్రతిపాదించారు. కారాస్ బృందం వేరే చిత్రం గీసింది. అయాన్లు ముందే స్ఫటికంలో ఉంటాయనీ, ఎగిరేటప్పుడు చాలావరకు తటస్థమైపోగా మిగిలినవే మనకి కనిపిస్తాయనీ అది వాదించింది. ప్రోటీన్ల విషయంలో ఈ వాదం గట్టిదే. ఎలక్ట్రాన్ దారిలో మాత్రం క్నోఖెన్‌మస్ చిత్రమే నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది, ఎందుకంటే ఆ దారిలో ఎవరు అయాను అవుతారో ముందుగా అంకెలతోనే చెప్పొచ్చు.

ఆ జోస్యం సూత్రం సరళం. ఎగిరిన మేఘంలో ముందు మ్యాట్రిక్స్ అణువు ఒకటి ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ధన అయాను అవుతుంది. అది దగ్గర్లోని తటస్థమైన నమూనా అణువుకి తగులుతుంది. నమూనా అయనీకరణ శక్తి మ్యాట్రిక్స్ కన్నా తక్కువైతే, ఎలక్ట్రాన్ నమూనా నుంచి మ్యాట్రిక్స్‌కి దాటుతుంది. మ్యాట్రిక్స్ మళ్లీ తటస్థం, నమూనా ఇప్పుడు అయాను. ఎక్కువైతే ఏదీ కదలదు. 1998లో అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీలో మెకార్లీలు, లింబాక్ ఆంత్రసీన్ లాంటి మ్యాట్రిక్స్‌లతో, ఫెర్రోసీన్ కుటుంబపు అణువులతో ఎలక్ట్రాన్ బదిలీ దారిని వివరంగా పరీక్షించారు. ఆంత్రసీన్ 7.4, ఫెర్రోసీన్ 6.7. ఎలక్ట్రాన్‌కి పల్లం దొరికింది, ఫెర్రోసీన్ అయాను అయింది. అదే ఆంత్రసీన్‌ని సీ60 ముందు పెడితే 7.4కి ఎదురుగా 7.6, ఈసారి ఎదురెక్కాలి.

కాబట్టి గట్టి పట్టున్న మ్యాట్రిక్స్ కావాలి, కానీ అది ఆమ్లం కాకూడదు. ఆ రెండు షరతులూ తీర్చినది డీసీటీబీ అనే పసుపురంగు పొడి. దాని ఒక చివర రెండు సయనో గుంపులున్నాయి, అవి అణువులోని ఎలక్ట్రాన్ల మేఘాన్ని తమవైపు లాగి బిగిస్తాయి. అందుకే దాని అయనీకరణ శక్తి సుమారు 8.5 దాకా ఉంటుంది. ఫెర్రోసీన్, కెరోటిన్, సీ60, పత్రహరితం, పైన చెప్పిన ఏ అణువైనా దాని ముందు ఎలక్ట్రాన్ ఇవ్వాల్సిందే. వదిలిపెట్టడానికి సిద్ధంగా ఉండే ప్రోటాన్ దాని దగ్గర లేదు, కాబట్టి మెగ్నీషియం భద్రం. ఆంత్రసీన్‌కి ఇంకో లోపం కూడా ఉంది. పరికరంలోని శూన్యంలో అది కర్పూరంలా ఆవిరైపోతూ ఉంటుంది, పని సగంలో ఉండగానే పలక ఖాళీ అవుతుంది. డీసీటీబీ నిలకడగా ఉంటుంది.

పని దగ్గర నిలబడి చూస్తే ఇది ఇలా సాగుతుంది. ఆకుని అసిటోన్‌లో నూరితే ఆకుపచ్చ ద్రవం వస్తుంది. డీసీటీబీని వేరే సీసాలో కరిగిస్తారు. నమూనా అణువు ఒకటికి మ్యాట్రిక్స్ అణువులు వందల్లో, వేలల్లో ఉండేలా రెంటినీ కలుపుతారు. ఆ మిశ్రమం ఒక మైక్రోలీటరు, అంటే ఆవగింజంత చుక్క, స్టీలు పలక మీద గుర్తు పెట్టిన గుండ్రంలో పడుతుంది. అసిటోన్ క్షణాల్లో ఆరిపోతుంది. మిగిలిన పొర భూతద్దంలో చూస్తే ఎక్కడా ఒకేలా ఉండదు, ఒక మూల దట్టంగా, ఒక మూల పలచగా స్ఫటికాలు. అందుకే లేజర్‌ని ఒకే చోట నిలపరు, మచ్చ అంతా తిప్పుతూ వందల దెబ్బలు కొట్టి అన్నిటినీ కూడతారు. దెబ్బ బలం కూడా జాగ్రత్తగా పెంచాలి. ఎక్కువైతే పత్రహరితం పొడవాటి తోక, ఫైటాల్ గొలుసు, తెగిపోతుంది. 892 బదులు 614 దగ్గర గీత లేస్తుంది. 614 పెరుగుతోందంటే చెయ్యి తగ్గించమని అర్థం.

అంతా సరిగ్గా జరిగితే 892.5 దగ్గర గీత నిలుస్తుంది. పోయిన ఎలక్ట్రాన్ బరువు డాల్టన్‌లో 1,800వ వంతు, తూకంలో అది తెలియదు. ప్రోటాన్ దారిలో వచ్చి ఉంటే ఒక డాల్టన్ పెరిగి 893.5 అయ్యేది. ఇక్కడ కొత్తగా చూసేవాళ్లు ఒక చోట తడబడతారు. ఎలక్ట్రాన్ దారిలో వచ్చినా 893.5 దగ్గర ఒక గీత ఉంటుంది, చిన్నదేం కాదు. పత్రహరితంలో 55 కార్బన్లున్నాయి. ప్రకృతిలో వందకి ఒక కార్బన్ 13 బరువుది. మెగ్నీషియంలోనూ 25 బరువుది పదో వంతు ఉంది. వీటన్నిటినీ కూడితే, 893.5 గీత ఎత్తు 892.5 గీతలో దాదాపు ముప్పావు రావాలి. ముప్పావు దగ్గర ఉంటే అయాన్లన్నీ ఎలక్ట్రాన్ దారిలో వచ్చినట్టు. అంతకన్నా పెరిగితే ఎక్కడి నుంచో ప్రోటాన్లు చొరబడుతున్నట్టు. ఒక్క గీత ఉందా లేదా అని కాకుండా, పక్కపక్క గీతల నిష్పత్తి చదవడం వచ్చినప్పుడే ఈ పరికరం మనతో మాట్లాడుతుంది. ఆకులోని మిగతా రంగులూ ఇదే మచ్చలో బయటపడతాయి: పత్రహరితం-బీ 906 దగ్గర, బీటా కెరోటిన్ 536 దగ్గర, ల్యూటిన్ 568 దగ్గర.

పత్రహరితం ఎలక్ట్రాన్ని ఇంత తేలిగ్గా ఎందుకు ఇస్తుంది? ఆకులో దాని ఉద్యోగమే అది. ఎండ తగిలిన పత్రహరితం ఎలక్ట్రాన్ని పక్కవాడికి అందిస్తుంది, ఆ లోటుని చివరికి నీటి అణువు తీరుస్తుంది, మనం పీల్చే ఆక్సిజన్ అలా పుడుతుంది. నీటిని చీల్చే ఆ యంత్రాంగంలో పత్రహరితం నుంచి ఎలక్ట్రాన్ని మొదట అందుకునేది ఫియోఫైటిన్, పుంటికూర గిన్నెలో మనం చూసినదే. అంటే బతికున్న పచ్చటి ఆకులో కూడా కొద్దిపాటి ఫియోఫైటిన్ తన పనిలో తాను ఉంటుంది. ఈ గుణాన్నే వాడుకుని సౌర విద్యుత్తు తయారుచేయాలని చూసేవాళ్లున్నారు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో లింగమల్లు గిరిబాబు బృందం, పత్రహరితానికి చుట్టాలైన పోర్ఫిరిన్, థాలోసయనిన్ రంగులతో సౌర ఘటాల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ రంగు కాంతి తగలగానే టైటానియం డయాక్సైడ్‌కి ఎలక్ట్రాన్ ఇవ్వాలి. కొత్త రంగు తయారుచేసినప్పుడల్లా, మధ్యలోని లోహం నిలిచి ఉందా అని తూచి చూసుకోవాలి. జింక్ పెట్టిన పోర్ఫిరిన్‌ని బలమైన ఆమ్లంతో కలిపితే జింక్ కూడా వదిలిపోతుంది. ఎలక్ట్రాన్ ఇవ్వడానికే పుట్టిన అణువుని, ఎలక్ట్రాన్ పుచ్చుకునే మ్యాట్రిక్స్‌తోనే తూచాలి.

ఈ తూకం జొన్న చేనులో ఎందుకు పనికొస్తుందో చెప్పాలి. ఆకు పండేటప్పుడు చెట్టే తన పత్రహరితాన్ని విప్పుకుంటుంది. మొదటి మెట్టు మెగ్నీషియం తీసెయ్యడం. దాన్ని చేసే ఎంజైమ్ ఏదో జపాన్‌లోని హొక్కైడో యూనివర్సిటీ వాళ్లు 2016లో తేల్చారు. ఆ ఎంజైమ్ జన్యువు చెడిపోతే పండినా పచ్చదనం పోదు. మెండెల్ తన బఠానీల్లో లెక్కపెట్టిన పచ్చ గింజలు అలాంటివే. రెండో మెట్టులో తోక తెగి, 592 బరువున్న ఫియోఫార్బైడ్ మిగులుతుంది, అది కూడా త్వరగానే విరిగిపోతుంది. ఈ మధ్య మెట్లలో ఏ క్షణంలో చూసినా నిలవుండేది చాలా తక్కువ. ఆ కొంచెం 870ని ఆమ్ల మ్యాట్రిక్స్‌తో చూడబోతే, అది పత్రహరితం నుంచి తానే పుట్టించిన 870 కింద అసలుది మునిగిపోతుంది.

1972లో అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరులో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో, నీళ్లు తక్కువైనా ఆకు పచ్చగా నిలబెట్టుకునే జొన్న మీద చాలా ఏళ్లుగా పని జరుగుతోంది. బీ35 అనే రకం నుంచి ఆ గుణాన్ని మన యాసంగి జొన్నలకి పనికొచ్చే రకాల్లోకి తెచ్చే ప్రయత్నం అందులో భాగం. ఈ జొన్న పచ్చదనానికీ మెండెల్ బఠానీ పచ్చదనానికీ మూలం వేరు. బఠానీలో మెగ్నీషియం తీసే ఎంజైమే పనిచెయ్యదు. జొన్నలో ఎంజైమ్ బాగానే ఉంటుంది. పూత రాకముందు మొక్క నీళ్లు పొదుపుగా వాడటం వల్ల నేలలో తేమ మిగిలి, గింజ కట్టే వేళకి ఆకు పండటం ఆలస్యమవుతుంది. కంటికి రెండూ పచ్చగానే కనిపిస్తాయి. 892, 870, 592 గీతల్ని వారం వారం పోల్చి చూస్తే దారులు వేరని తెలుస్తుంది. బఠానీలో 892 ఉన్న చోటే ఉండిపోవాలి, జొన్నలో ఆలస్యంగానైనా దిగడం మొదలవ్వాలి.

ఆ పోలిక నమ్మదగ్గదిగా ఉండాలంటే జాగ్రత్త చేనులోనే మొదలవ్వాలి. కోసిన ఆకుని అక్కడికక్కడే ద్రవ నైట్రోజన్‌లో ముంచాలి, లేకపోతే ఎంజైములు దారి పొడవునా పని చేస్తూనే ఉంటాయి. చల్లటి అసిటోన్‌లో, చీకట్లో నూరాలి. ఆకులోని సొంత పులుపుని అణచడానికి చిటికెడు మెగ్నీషియం కార్బొనేట్ కలపాలి. ఆ చిటికెడు మరిచిపోతే, ఎంత మంచి మ్యాట్రిక్స్ వాడినా లాభం లేదు. 870 గీత లేజర్ దాకా పోకముందే, నూరే కల్వంలోనే పుట్టేస్తుంది.